భూమయ్య చెప్పని ఊరు

చాలామంది ఊళ్లు చూడాలన్న ఆశతో ప్రయాణం పెట్టుకుంటారు. నేను భూమయ్య మీద అసూయతో పెట్టుకున్నాను.

మాది జగిత్యాల. ముప్పై ఐదేళ్లు రిజిస్ట్రారు ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాశాను. భూమయ్య బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. పొద్దున్నే ఇద్దరం కాలేజీ గ్రౌండులో నడుస్తాం. నడక అయ్యాక ఏడెనిమిది మందిమి సిమెంటు బెంచీల మీద కూర్చుంటాం. భూమయ్య ఏటా ఒక కొత్త చోటికి వెళ్తాడు. వెళ్లిన చోటికి మళ్లీ వెళ్లడు. తిరిగొచ్చాక వారం రోజులు ఆ బెంచీల దగ్గర ఆయన మాటే మాట.

నేనూ ఏటా వెళ్తాను, తిరుపతికి. ఇరవై రెండేళ్లుగా అదే నెల, అదే రైలు, బస్టాండు వెనక అదే లాడ్జి, ఖాళీగా ఉంటే అదే గది. బాగా కుదిరినదాన్ని మార్చడం ఎందుకని నా వాదన. వచ్చాక గ్రౌండులో లడ్డూ పంచుతాను. అందరూ కళ్లకద్దుకుని తిని చేతులు దులుపుకుంటారు. "ఎట్లయింది రాజం?" అని ఒక్కడూ అడగడు. అడగడానికి ఏముంది? నిరుడు ఎట్లయిందో ఈ ఏడూ అట్లనే అయి ఉంటుంది.

ఈసారి నేను లడ్డూలు పట్టుకెళ్లిన రోజున భూమయ్య మేఘాలయ కబుర్లు చెబుతున్నాడు. బతికున్న చెట్ల వేళ్లను అల్లి వాగు మీద వంతెన కడతారట. నా పక్కన కూర్చున్నాయన లడ్డూ నోట్లో వేసుకుని, నాకు వీపు పెట్టి, భూమయ్య వైపు తిరిగాడు. ఆ వీపును చూస్తూ నిర్ణయించుకున్నాను, నేనూ ఒక కొత్త ఊరు చూసి రావాల్సిందేనని.

నా భార్య సుగుణ ఇంతవరకు సముద్రం చూడలేదు. అందుకని తెనాలి, బాపట్ల అనుకున్నాం. సంగతి భూమయ్య చెవిన పడింది.

"తెనాలి పో, బాపట్ల పో, మంచిగుంటది. రేపల్లె మాత్రం పోకు రాజం. రైలు ఆగిపోయే ఊరు. ఏం లేదక్కడ."

భూమయ్య ఒక ఊరిని వద్దనడం నేనెన్నడూ వినలేదు. ఆ సాయంత్రమే రేపల్లెను కూడా కలిపేశాను.

తెనాలి: దిబ్బరొట్టె

బయల్దేరేముందు ఒక నియమం పెట్టుకున్నాను. ఇంతకుముందు తిన్నది ఏదీ తినకూడదు. ఒక చిన్న నోటుబుక్కు కూడా కొన్నాను, చూసినవన్నీ రాసుకోవడానికి.

"నీకు ఊర్లు చూడాలని లేదు. భూమయ్యకు చెప్పాలని ఉన్నది," అంది సుగుణ రైల్లో. నిజమే కాబట్టి కిటికీలోంచి బయటికి చూశాను.

తెనాలిలో దిగి టిఫిన్ హోటల్లో కూర్చున్నాం. గోడ మీద పేర్లన్నీ చదివి, మా వైపు ఎన్నడూ వినని దిబ్బరొట్టె చెప్పాను. సుగుణ ఇడ్లీ చెప్పుకుంది. ఇడ్లీ క్షణంలో వచ్చింది. మీద కారప్పొడి, కరిగిన నెయ్యి, పక్కన అల్లప్పచ్చడి. ఆమె తినేసి చెయ్యి కడుక్కుంది. నా రొట్టె రాలేదు. ఎదుటి బల్ల మీద ముగ్గురు తినిపోయారు, మరో ముగ్గురు వచ్చారు.

"ఏమైంది బాబూ?" అని అడిగాను.

"మందంగా ఉంటది కదా బాబాయ్ గారూ, సన్నసెగ మీద నిదానంగా కాలాలండి. తొందరపెడితే లోపల పిండి పిండిగా ఉండిపోద్ది," అన్నాడు వడ్డించేవాడు. మా దగ్గరైతే "ఐదు నిమిషాలాగు అన్నా" అనేవాడు. ఇక్కడ నన్ను చుట్టరికంలోకి తీసుకుని మరీ కూర్చోబెట్టాడు.

ముప్పావు గంటకు వచ్చింది. అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, నిజంగా బాగుంది. కానీ అరచేయి మందం మినప్పిండి నా కడుపులోకి దిగి సాయంత్రం దాకా కదలనంది. ఊళ్లో పారే మూడు కాలవలూ, వాటి మీది వంతెనలూ, మార్కెట్లో అరటిగెలల వరసలూ అన్నీ పొట్ట పట్టుకునే చూశాను. తెనాలి బెల్లం జిలేబీని సుగుణ రెండు సార్లు కొనుక్కుని తింది. నేను ఒక్క చుట్టు కూడా తినలేకపోయాను. నల్లగా, పాకం కారుతూ ఉన్న ఆ జిలేబీ రుచి ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. ఆమె కళ్లు మూసుకుని తిన్నదని మాత్రం చెప్పగలను.

కొత్తది తిన్నవాణ్ణి నేను, సుఖపడినది ఆమె. ఆ రోజు నోటుబుక్కులో ఏమీ రాయలేదు.

బాపట్ల: ఎండ్రకాయలు, చీరలు

మర్నాడు బాపట్ల. వ్యవసాయ కాలేజీ చెట్ల నీడలో కాసేపు నడిచి, ఆటోలో సూర్యలంక వెళ్లాం. సముద్రం కనిపించగానే సుగుణ ఆటో ఆపమంది. ఆటో దిగి, చెప్పులు నా చేతికిచ్చి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని నేరుగా నీళ్లలోకి నడిచింది. మోకాళ్ల దాకా వెళ్లి నిలబడిపోయింది. అరవై ఏళ్లు దాటిన మనిషి ఒక్కో అల రాగానే చిన్నపిల్లలా ఎగురుతోంది. పక్కన ఎవరో ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుని తనూ ఎగురుతోంది. నేను ఒడ్డున నాలుగు చెప్పులకు కాపలా ఉన్నాను. అందులోనూ ఒకటి, నాదే, నేను చూస్తుండగానే ఒక అల వచ్చి పట్టుకుపోయింది.

ఆ చెయ్యి పట్టుకున్నావిడది చీరాల పక్క. వాళ్లది మగ్గం నేసే ఇల్లు. చుట్టాలతో కలిసి వచ్చారు. ఒడ్డునున్న పాకహోటల్లో మా పక్క బల్ల మీదే కూర్చున్నారు. నియమం ప్రకారం నేను ఎండ్రకాయల కూర చెప్పాను. వాళ్లు పీతలంటారు. వచ్చాక దాన్ని ఎటునుంచి తినాలో తెలియలేదు. ఒక కాలు పట్టుకుని లాగితే పులుసు ఎగిరి చొక్కా మీద పడింది.

"అట్టా కాదండి అన్నయ్య గారూ! చూడక్కా, ఇట్టా విరిచి, ఇక్కడ కొరికి పీల్చాలి," అని ఆవిడ సుగుణకు చూపించింది. చెప్పింది ఇద్దరికీ. పట్టుబడింది సుగుణకే. నేను పెంకులు నమిలాను.

సుగుణ కట్టుకున్నది సిద్దిపేట చీర, అంచులో గొల్లభామ బొమ్మలున్నది. ఆవిడ చెయ్యి తుడుచుకుని ఆ అంచును రెండు వేళ్లతో పట్టుకుని తిరగేసి మరగేసి చూసింది.

"ఈ బొమ్మ మేం ఎప్పుడూ నెయ్యలేదక్కా. ఎన్ని రోజులు పడద్దో ఏంటో."

"మీరు ఎప్పుడూ ఒక్క తీరువే నేస్తరా?" అని అడిగింది సుగుణ.

"పది చీరలు మా మావగారి నాటి అంచుతోనే నేస్తామక్కా. అవే మాకు అన్నం పెట్టేది. పదకొండోది నా ఇష్టం. ఏదో ఒక కొత్త రంగో, కొత్త అంచో పెడతా. కొట్టాయన తీసుకుంటే ఆ అంచు మళ్లీ నేస్తాం."

"తీసుకోకపోతే?"

"నేనే కట్టుకుంటా!" అని ఆవిడ పకపకా నవ్వింది. "మా బీరువా నిండా అయ్యే ఉన్నాయి. ఇదిగో, ఇదీ అమ్ముడుపోనిదే."

వంగపండు రంగుకు చిలకాకుపచ్చ అంచు. ఎవరూ కొనకపోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆవిడ ఒంటి మీద అది ధగధగా మెరుస్తోంది.

నాకు కూర చేదెక్కింది. మా ఇద్దరిలో ఊరు చూడడానికి ఇంత తతంగం చేసినవాణ్ణి నేను. నియమం పెట్టుకున్నవాణ్ణి నేను. అయినా ఊరు తెలుస్తున్నది ఆమెకు. నాకు మిగిలింది ఒంటి చెప్పు. బాపట్లలో కొత్త జత రెండు వందల యాభై అయింది. బేరమాడబోతే కొట్టతను "తగ్గదండి, మీరే ఆలోచించండి" అని ఎంతో మర్యాదగా అదే రేటుకి అమ్మాడు.

రేపల్లె: రైలు ఆగిపోయే చోటు

మూడో రోజు మళ్లీ తెనాలి వచ్చి రేపల్లె బండి ఎక్కాం. దారి పొడుగునా, వేమూరు దాటాక కూడా, కోసిన వరి మళ్లలో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. మా దగ్గర బోరు ఎండితే ఆకాశం వైపు చూస్తాం. ఇక్కడ ప్రతి చేను పక్కనా కాలవ. నీళ్లను చూసి కూడా అసూయపడ్డానని ఒప్పుకుంటున్నాను.

రేపల్లెలో పట్టాలు అయిపోయాయి. ఊరు మామూలు ఊరే. బజారు, ఆటోలు, పూలమ్మేవాళ్లు, బస్టాండు దగ్గర పునుగుల బండి. "భూమయ్య చెప్పింది నిజమే," అంది సుగుణ. నాకు మాత్రం, వద్దన్న ఊరికి వచ్చిన ఆనందం ఒక్కటి చాలనిపించింది. బెంచీల దగ్గర భూమయ్య చెప్పని ఊరు నేను చూశాను.

మర్నాడు పెనుమూడి వెళ్లాం. అక్కడ కృష్ణ మీద పెద్ద వంతెన ఉంది, అవతల ఒడ్డు కృష్ణా జిల్లా. వంతెన మీద గాలికి సుగుణ కొంగు నా మొహం కప్పేసింది. కింద నది సముద్రానికి దగ్గరపడి, తొందరేమీ లేనట్టు వెడల్పుగా పారుతోంది. నడిచి నడిచి ఆకలేసింది. టీ కొట్టతన్ని అడిగితే, "హోటళ్లేం లేవండి. నాగమణమ్మ గారింట్లో అడగండి, వచ్చినోళ్లకి భోజనం పెడతారు," అని సందు చూపించాడు.

నాగమణమ్మ గారిల్లు

ఇక్కడినుంచి రాసేదానికి భూమయ్య అనుమతి ఉంది. ఆ దంపతుల పేర్లు మాత్రం మార్చమన్నాడు. మార్చాను.

రెండు గదుల పెంకుటిల్లు. వసారాలో ఒక మంచం, పక్కన కుర్చీలో పెద్దాయన సాంబయ్య గారు. వంతెన రాకముందు ఆ రేవులో పడవ నడిపేవారట. నాగమణమ్మ గారికి డెబ్బై దాటి ఉంటాయి. మమ్మల్ని కూర్చోబెట్టి ఆకులు వేశారు. మామిడికాయ వేసిన పెసరపప్పు, దొండకాయ వేపుడు, గోంగూర, గడ్డపెరుగు. వీటిలో నాకు కొత్తది ఒక్కటీ లేదు. నా నియమం మరిచిపోయి మూడు సార్లు అన్నం పెట్టించుకున్నాను.

సుగుణ నన్ను "నువ్వు ఇంక చాలు చెయ్యి, షుగరున్నది" అంటే నాగమణమ్మ గారు ఆగి చూశారు. ఇక్కడ భార్యలు భర్తల్ని మీరు అంటారు, ప్రతి మాటకీ అండీ తగిలిస్తారు. మా దగ్గర నువ్వు అనడంలో తప్పు లేదు.

"మీదే ఊరండీ?" అని అడిగారావిడ.

"జగిత్యాల. కరీంనగర్ దిక్కు."

గరిటె ఆగిపోయింది. "జగిత్యాలా? ఏవండీ, విన్నారా! మన భూమయ్య ఊరంట!"

సాంబయ్య గారు కుర్చీలోంచి ముందుకు వంగారు. "బ్యాంకు భూమయ్యా? నా పడవ ఎక్కి గట్టు వదలకముందే వాంతి చేసుకున్నవాడు వాడొక్కడే!"

వాళ్లిద్దరూ వంతులవారీగా చెప్పారు. జరిగింది ఇదీ. భూమయ్యకు మొదటి ఉద్యోగం రేపల్లె బ్రాంచిలో. ఇరవై మూడేళ్ల కుర్రాడు. ఒక్కడే. టైఫాయిడ్ వచ్చి గదిలో పడి ఉంటే, బ్యాంకు పని మీద వెళ్లిన సాంబయ్య గారు సంగతి విని, ఆ గదికి వెళ్లి ఇంటికి తీసుకొచ్చారు. నలభై రోజులు ఈ వసారాలోనే ఉన్నాడు. నాగమణమ్మ గారు జావ కాచి పోశారు. అప్పటినుంచీ ఆవిడకి తమ్ముడు.

"ఏడాదికోసారి వస్తాడండి. ఏ కాశీకి వెళ్లినా, ఏ కాశ్మీరం వెళ్లినా, తిరుగుదారిలో ఇక్కడ దిగి మూడ్రోజులు ఉండి వెళ్తాడు. రెండు నెలల కిందటా వచ్చాడు, అదెక్కడో చెట్లేళ్ల వంతెన చూసి. ఇక్కడికొచ్చాక ఎక్కడికీ కదలడు. ఆ మంచం మీద కూర్చుని, ఇదే పప్పు, ఇదే వేపుడు. మార్చి వండితే అలుగుతాడు."

మేఘాలయకు పన్నెండు రోజులు వెళ్లానని భూమయ్య గ్రౌండులో చెప్పాడు. మేం విన్నవి తొమ్మిది రోజుల కబుర్లు. ప్రతి ఏడాదీ చివరి మూడు రోజులు ఇక్కడున్నాయన్నమాట.

"నా గురించి ఎప్పుడన్న చెప్పిండా? లక్ష్మీరాజం అని. రోజూ కలిసే నడుస్తం," అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "లేదండి. మీ ఊరి సంగతులేమీ చెప్పడండి. వచ్చిందగ్గర్నుంచి ఇక్కడి సంగతులే."

అసూయ ఎన్ని రకాలో నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. ఇంతకాలం భూమయ్య చూసిన కొత్త ఊళ్ల మీద అసూయపడ్డాను. అది పైపైది. కొత్త ఊళ్లు టిక్కెట్టు కొంటే దొరుకుతాయి. ఈ మంచం దొరకదు. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లడం నా సొత్తు అనుకున్నాను. అందులోనూ భూమయ్యే నన్ను దాటిపోయాడు.

చెయ్యి కడుక్కుని, రేవు దగ్గరకు ఒక్కణ్ణే నడిచాను. నీళ్ల ఒడ్డున నిలబడి తిరుపతి లాడ్జికి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో చెప్పడం కష్టం. ఇరవై రెండేళ్ల చోటు కదా అనిపించింది.

"నేను జగిత్యాల లక్ష్మీరాజాన్ని," అన్నాను.

"చెప్పండి సార్. రూము కావాలా? ఏ డేటుకి?"

"రూము కాదు. ఊరికెనే చేసిన. ఏటా వస్త నేను. పన్నెండో నంబరు..."

"ఎవరు కావాలి సార్ మీకు?"

ఫోన్ పెట్టేశాను. అక్కడ నాకు ఒక్క మనిషి పేరు కూడా తెలియదు. తాళంచెవి ఇచ్చే మనిషి తల నెరవడం చూశాను. పొద్దున్నే వేణ్ణీళ్లు తెచ్చే ఆమె కూతురు పెద్దదై ఆమె పని అందుకోవడం చూశాను. పేరు అడగాలని ఎన్నడూ తోచలేదు. నేను తిరుపతిని నమ్ముకుని వెళ్లలేదు, వేరే చోటికి వెళ్లడానికి భయపడి వెళ్లాను. ఏడుకొండలవాడు నన్ను క్షమించాలి.

తిరిగొచ్చేసరికి సుగుణ నాగమణమ్మ గారితో వంటింట్లో ఉంది. మేం బయల్దేరుతుంటే ఆవిడ ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చారు, మూతకు గుడ్డ కట్టి. "పండుమిరపకాయ పచ్చడండి. తమ్ముడు వచ్చినప్పటికి కాయలు పండలేదు. మీరు తీసుకెళ్లి ఇచ్చేయండి." భోజనానికి డబ్బులిస్తే తీసుకోలేదు.

జగిత్యాల

తిరుగు రైల్లో ఆ డబ్బా నా ఒళ్లోనే ఉంది. మూత గట్టిదే అయినా వాసన ఆగలేదు. గ్రౌండులో అందరి ముందు దాన్ని భూమయ్య చేతికిస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ వచ్చాను. బెంచీలన్నీ నా వైపు తిరుగుతాయి. కొత్త ఊళ్ల భూమయ్య ఏటా పాత మంచానికే వెళ్తాడని ఒక్క మాట చాలు.

"ఇంటికి పోయి ఇద్దాం," అంది సుగుణ. నా మనసులో మాట ఆమెకు చెప్పనక్కర్లేదు. సరేనన్నాను.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాం. గుడ్డ కట్టిన డబ్బాను చూడగానే భూమయ్య లేచి నిలబడ్డాడు. ముందు కోపం వచ్చింది. తర్వాత కూర్చున్నాడు.

"ఆమె మోకాలు ఎట్లున్నది?" అని అడిగాడు.

నేను చూడలేదు. సుగుణ చెప్పింది, "వాచి ఉన్నది అన్నా. కూసొనే వడ్డించింది. నూనె రాస్తున్నదట."

భూమయ్య డబ్బా మూతకు కట్టిన గుడ్డ విప్పాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "కొత్త ఊర్లకు పోతే మస్తు సంబురమే రాజం. కానీ పది రోజులు నన్నెవ్వడు ఎరుగని కాడ తిరిగితే నాకు భయమైతది. నేను ఉన్నట్టే అనిపియ్యది. గందుకే ఆఖరికి ఆడికి పోత. ఆడ మూడొద్దులు కూసుంటే, మల్ల ఏడికన్న పోవచ్చనిపిస్తది."

"మాకెందుకు చెప్పలే?"

"ఊర్లు చెప్పుకునేటియి. అది చెప్పుకునేది కాదు."

వాళ్లావిడ అన్నం తెచ్చింది. పచ్చడి కలుపుకుని నలుగురం తిన్నాం. కళ్లలో నీళ్లొచ్చేంత కారం. ప్రతి ముద్దకీ నా కడుపు రగిలింది, కారానికి కొంత, అసూయకు కొంత.

"వచ్చే ఏడు నాతోని రా రాజం," అన్నాడు చేతులు కడుక్కున్నాక.

రానన్నాను. పంతంతో కాదు. ఆ మంచం మీద రెండోవాడిగా కూర్చుంటే నా అసూయ ఇంకా పెరుగుతుందే తప్ప తరగదు. నాకు నేనే ఒక చోటు చూసుకోవాలి, అది దొరకాలంటే ముందు నాలుగు చోట్లకు పోవాలి. ఈ వయసులో కుదురుతుందో లేదో తెలియదు.

ఇంటికి నడుస్తుంటే సుగుణ అడిగింది, "మరి వచ్చే ఏడు ఏడికి పోదాం?"

"నువ్వే చెప్పు," అన్నాను. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.

ఆమె నడుస్తూనే చెప్పడం మొదలుపెట్టింది. హంపి. భద్రాచలం దగ్గర పాపికొండలు. మంచు పడే ఊరేదైనా ఒకటి. చిన్నప్పటి స్నేహితురాలిని ఇచ్చిన సోలాపురం. ఒక్కోటీ ఎన్నాళ్లనుంచి అనుకుంటోందో, ఎవరు చెప్పగా విన్నదో కూడా చెప్పింది. నేను వింటూ నడిచాను. ఇల్లు వచ్చింది, తాళం తీశాను, లోపలికి వెళ్లి కూర్చున్నాం. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.